పేలిక అన్న మాట పోయింది, పాట మిగిలింది: ‘గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’ చరిత్ర, వాయింపు

స్కూలు వార్షికోత్సవానికో ఆగస్టు పదిహేనుకో ‘దేశదేశాల దేశభక్తి గీతాలు’ అని ఒక అంశం పెట్టుకోవడం ఒడిశా వైపు బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ గుణుపురం, రాయగడల్లోనూ ఉన్నదే. అమెరికా వంతు వచ్చేసరికి చాలామంది చేతికి దొరికేది ‘యూ ఆర్ ఎ గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’. చిన్న పాట, హుషారైన నడక, పిల్లలు ఒక్క పూటలో పట్టేస్తారు. తీరా వేదిక మీదికి వచ్చాక మూడు పొరపాట్లు జరుగుతాయి. వ్యాఖ్యాత దాన్ని అమెరికా జాతీయగీతం అంటాడు. పక్కవాడు ప్రపంచ యుద్ధంలో పుట్టిన పాట అంటాడు. బ్యాండువాళ్ళేమో డ్రమ్ము దెబ్బ తప్పుడు చోట వేస్తారు. చరిత్ర తెలిస్తే మూడోది కూడా సగం సర్దుకుంటుంది. ఎందుకంటే ఈ పాట నాలుగైదు పాత పాటల ముక్కలు కలిపి కుట్టిన బొంత. ఏ ముక్క ఎక్కడిదో తెలిసినవాడికి ఎక్కడ ఊపు పెంచాలో, ఎక్కడ ఊరుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇది స్టేజీ పాట. 1906 ఫిబ్రవరిలో న్యూయార్కు హెరాల్డ్ స్క్వేర్ థియేటర్‌లో మొదలైన ‘జార్జ్ వాషింగ్టన్, జూనియర్’ అనే సంగీత నాటకంలోది. నాటకం రాసింది, పాట రాసింది, బాణీ కట్టింది, నాయకుడి వేషం వేసింది అన్నీ ఒక్కడే, జార్జ్ ఎం. కోహాన్. ఆయనది నాటకాల కుటుంబం. తండ్రి జెర్రీ, తల్లి నెల్లీ, అక్క జోసీ, తను. ‘ది ఫోర్ కోహాన్స్’ పేరుతో నలుగురూ ఊరూరా తిరిగి ఆడేవారు. సురభి వాళ్ళను చూసిన మనకి ఆ బతుకు ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. ఉయ్యాలలో ఉన్నప్పటినుంచే రంగస్థలం.

కోహాన్ పుట్టింది రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లో, 1878లో. చర్చి బాప్తిస్మం పత్రంలో జూలై 3 అని ఉంది. ఆయనా ఇంట్లోవాళ్ళూ మాత్రం అమెరికా స్వాతంత్ర్య దినం జూలై 4 అనే చెప్పుకున్నారు. ఒక్కరోజు తేడాతో దేశం పుట్టినరోజు తప్పిపోతుంటే నాటకాలవాడు ఊరుకుంటాడా! 1904లో ఆడిన ‘లిటిల్ జానీ జోన్స్’ నాటకంలో జూలై నాలుగున పుట్టానని పాట కూడా పాడేశాడు. అదే ‘యాంకీ డూడుల్ బాయ్’. ‘గివ్ మై రిగార్డ్స్ టు బ్రాడ్వే’ కూడా ఆ నాటకంలోదే. అంటే 1906 నాటికే దేశభక్తిని హుషారు పాటగా మార్చే కిటుకు ఆయన చేతిలో ఉంది.

‘జార్జ్ వాషింగ్టన్, జూనియర్’ కథ మనవాళ్ళకి కొత్తేం కాదు. తండ్రి అమెరికా సెనేటరు. ఇంగ్లీషు దొరల మోజు. కొడుకుని ఇంగ్లండు ప్రభువుల ఇంటికి అల్లుణ్ణి చేయాలని పట్టు. కొడుకు ఎదురు తిరిగి, తండ్రి పేరు మీద కోపంతో మొదటి అధ్యక్షుడి పేరే తన పేరుగా పెట్టుకుంటాడు. దొరల వేషభాషల్ని ఆటపట్టించే నాటకాలు మన దగ్గరా ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇంతకన్నా వివరం అనవసరం. నాటకం మరుగున పడింది, పాట మిగిలింది.

ఇక అసలు సంగతి. ఈ పాటకి మొదటి పేరు ‘గ్రాండ్ ఓల్డ్ ర్యాగ్’. ర్యాగ్ అంటే పేలిక, చిరిగిన గుడ్డ. (హిందీ అలవాటైన చెవికి ‘రాగ్’ అని వినబడి ఇదేదో రాగం పేరనుకునే ప్రమాదం ఉంది. కాదు.) కోహాన్ చెప్పుకున్న కథ ఇది. అమెరికా అంతర్యుద్ధంలో 1863 నాటి గెటిస్‌బర్గ్ పోరులో పాల్గొన్న ఒక ముసలి సైనికుడు ఆయన పక్కన కూర్చున్నాడు. చేతిలో జాగ్రత్తగా మడతపెట్టిన జెండా ఉంది, చిరిగి చీలికలై ఉంది. దాన్ని నిమురుతూ ‘ఇది గొప్ప పాత పేలిక’ అన్నాడట. కోహాన్ ఆ మాటను ఎత్తుకుని పాట కట్టాడు.

అమ్మ కొడుకుని ‘వెధవా’ అంటే ముద్దు. అదే మాట వీధిలోవాడు అంటే తగువు. జెండా కోసం తూటా దెబ్బలు తిన్న మనిషి దాన్ని పేలిక అంటే కన్నీళ్ళొస్తాయి. టిక్కెట్టు కొన్న జనం ముందు సూటు వేసుకున్న నటుడు అంటే? జాతీయ పతాకాన్ని పేలిక అంటావా అని అభ్యంతరాలు లేచాయి. పైగా అది రాగ్‌టైమ్ సంగీతం ఊపు మీదున్న కాలం. ఆ బాణీలనూ ‘ర్యాగ్’ అనే పిలిచేవారు. కోహాన్ వాదనకు దిగలేదు. ర్యాగ్ తీసి ఫ్లాగ్ పెట్టాడు. దీనివల్ల ప్రాసకి దెబ్బ తగిలింది. మొదట ‘ర్యాగ్’కి ‘ఫ్లాగ్’ అంత్యప్రాస. ఇప్పుడు మొదటి రెండు పాదాల్లోనూ ‘ఫ్లాగ్’, ‘ఫ్లాగ్’. మాటకి అదే మాట ప్రాస. మన అవధాని ఎవరైనా ఇలా చేస్తే పృచ్ఛకుడు పట్టుకుంటాడు. కానీ బాణీ వేగంలో ఎవరూ గమనించరు.

మార్పు జరిగేలోపే బిల్లీ మర్రే అనే గాయకుడు విక్టర్ కంపెనీకి గ్రామఫోను ప్లేటు ఇచ్చేశాడు, అదే ఫిబ్రవరిలో, పాత మాటతోనే. ఆ దశాబ్దంలో విక్టర్‌కి బాగా అమ్ముడైన ప్లేట్లలో అదొకటి. అందుకే ఇప్పటికీ పాత రికార్డు విన్నవాళ్ళు ‘ర్యాగ్’ అని వినబడి, పాడినవాడు తప్పు పాడాడనుకుంటారు. తప్పు కాదు. అది మొదటి పాఠం.

పాటని అచ్చువేసింది ఎఫ్. ఎ. మిల్స్ అనే ప్రచురణ సంస్థ. అప్పట్లో పాట అమ్మకం అంటే కాగితం అమ్మకం. ఇంట్లో పియానో ఉన్నవాళ్ళు స్వరాల కాగితం కొని వాయించుకునేవారు. నాటకశాల బయట మనవాళ్ళు అణాకీ బేడకీ పాటల పుస్తకాలు అమ్మిన పద్ధతే, స్వరాలతో సహా. సంగీత నాటకంలోంచి వచ్చి పదిలక్షల కాగితాలు దాటి అమ్ముడైన మొదటి పాట ఇదేనని చరిత్రకారుల లెక్క. మరి ప్లేట్ల మీద ఆయనకేం ముట్టింది? చట్టప్రకారం ఏమీ రావాల్సిన పని లేదు. ప్లేటు మీద, పియానో చుట్ట (పియానో తనంతట తానే మోగడానికి పెట్టే రంధ్రాల కాగితం) మీద పాటకర్తకు హక్కు ఇచ్చిన అమెరికా చట్టం 1909లో వచ్చింది, ఒక్కో ప్రతికి 2 సెంట్లు. కోహాన్ పాట మూడేళ్ళు ముందు పుట్టింది. ఆ రోజుల్లో పాటకర్తలు కాగితం అమ్మకం మీద అంతగా ప్రాణం పెట్టారంటే కారణం ఇదే.

బొంతలో ముక్కల సంగతి చూద్దాం. పాటకి రెండు భాగాలు, చరణం, పల్లవి. అందరికీ తెలిసింది పల్లవే. చరణాన్ని మన బ్యాండ్లు వదిలేస్తాయి. కానీ సరుకంతా చరణంలో ఉంది. మిలిటరీ బ్యాండు వింటే నా బుర్ర గిర్రున తిరుగుతుంది అంటూ మొదలై, ముందు ‘యాంకీ డూడుల్’ పేరెత్తుతుంది. అది పద్దెనిమిదో శతాబ్దపు పాట. ఇంగ్లీషు సైనికులు అమెరికావాళ్ళను వెక్కిరించడానికి పాడుకుంటే, వెక్కిరింత పడ్డవాళ్ళే దాన్ని తమ జెండా పాటగా ఎత్తుకున్నారు. తిట్టుని కిరీటంగా పెట్టుకోవడం. ‘పేలిక’ కథకి ఇది అన్నలాంటిది. తరువాత ‘డిక్సీ’ మొదటి పాదం వస్తుంది, పత్తి పండే దక్షిణ దేశం గురించి. డిక్సీ కూడా 1859లో న్యూయార్కు స్టేజీ మీద పుట్టిన పాటే. తరువాత దక్షిణాది సైన్యానికి చిహ్నమైపోయింది. వెంటనే ‘హుర్రా హుర్రా, జూబిలీ’ అన్న ముక్క. అది ‘మార్చింగ్ త్రూ జార్జియా’లోది, 1865 నాటిది. ఉత్తరాది సేనాని షెర్మన్ దక్షిణాదిని తగలబెట్టుకుంటూ పోయిన దండయాత్ర పాట. దక్షిణాదివాళ్ళకి అది వింటే ఒళ్ళు మండేది.

ఒకరినొకరు చంపుకున్న రెండు పక్షాల పాటల్ని పక్కపక్కనే పెట్టి, రెండింటికీ ఒకే తాళం వేయించాడు. యుద్ధం ముగిసి అప్పటికి 41 ఏళ్ళే. రెండువైపుల ముసలి సైనికులూ ప్రేక్షకుల్లో కూర్చుని ఉండొచ్చు. రెండో చరణంలో జి.ఎ.ఆర్. అని వస్తుంది, అది ఉత్తరాది మాజీ సైనికుల సంఘం, గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ద రిపబ్లిక్. మన వేదికల మీద ఆ మూడక్షరాలని ఏదో సాధనం పేరులా పలికేస్తారు. వ్యాఖ్యాత ఒక్క ముక్క వివరిస్తే బాగుంటుంది.

పల్లవిలో రెండు ముక్కలు. ‘హోమ్ ఆఫ్ ద ఫ్రీ అండ్ ద బ్రేవ్’ అన్నది ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’కి ప్రతిధ్వని. అమెరికా జాతీయగీతం అదే, కాకపోతే చట్టం చేసింది 1931 మార్చి 3న. కోహాన్ పాట పుట్టిన నాటికి అమెరికాకి చట్టబద్ధమైన జాతీయగీతమే లేదు. ఇక చివరి పాదానికి ముందు వచ్చేది ‘ఆల్డ్ లాంగ్ సైన్’ మొదటి పాదం, మాటా బాణీ రెండూ. స్కాట్లండు పాట. పాత స్నేహాలు మరచినా జెండా మీంచి చూపు తిప్పకు అని కోహాన్ మెలిక పెట్టాడు. ఈ బాణీ మన చెవులకి పరాయిది కాదు. రవీంద్రుడు ‘పురానో సేయి దినేర్ కథా’ను దీని మీదే కట్టాడు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ పాసింగ్ ఔట్ పెరేడ్‌లో కొత్త అధికారులు దీనికే నెమ్మదిగా అడుగులేస్తారు. ఆ ఎత్తుగడ స్వరాలు ‘ప, స స స గ, రి స రి’. మధ్యమం, నిషాదం లేని ఈ బాణీకి మన మోహన రాగంతో ఏం దగ్గరితనమో హార్మోనియం మెట్లే చెప్తాయి.

యుద్ధగీతం అన్న పొరపాటుకి కారణం ప్రభుత్వమే. 1936 జూన్ 29న అమెరికా కాంగ్రెస్ కోహాన్‌కి బంగారు పతకం ఇస్తూ చట్టం చేసింది (ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చి అప్పటికి మూడు నెలలు కాలేదు). ప్రపంచ యుద్ధకాలంలో ‘ఓవర్ దేర్’, ‘గ్రాండ్ ఓల్డ్ ఫ్లాగ్’ పాటలు రాసి చేసిన సేవకి అని అందులో రాశారు. మొదటిది నిజంగానే 1917 నాటిది. రెండోది 1914లో ఆ యుద్ధం మొదలవడానికి ఎనిమిదేళ్ళ ముందుది. అధ్యక్షుడు రూజ్వెల్ట్ చేతుల మీదుగా పతకం అందింది 1940 మేలో. 1942లో జేమ్స్ కాగ్నీ కోహాన్ వేషం వేసిన ‘యాంకీ డూడుల్ డాండీ’ సినిమా వచ్చింది, కాగ్నీకి ఆస్కార్ తెచ్చింది. ఆ ఏడాది నవంబరు 5న కోహాన్ పోయాడు. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో వచ్చిన ఆ సినిమాతో పాటకి యుద్ధం ముద్ర ఇంకా గట్టిపడింది.

హక్కుల విషయం ఇక్కడే చెప్పాలి. భారత చట్టంలో రచయిత పోయిన తరువాత సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. కోహాన్ విషయంలో 2002 చివరికి గడువు తీరింది. అమెరికాలోనూ పాట ఎప్పుడో అందరిదైపోయింది. 1923కి ముందు రికార్డులు అక్కడ 2022 జనవరి 1 నుంచి స్వేచ్ఛ పొందాయి కాబట్టి బిల్లీ మర్రే ప్లేటూ ఎవరైనా వాడుకోవచ్చు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో ఆ కాలపు విక్టర్ ప్లేట్లు వినొచ్చు. అయితే ఈ మధ్య ఎవరో బ్యాండుకి తిరగరాసిన స్వరాల కాగితం, కొత్త ట్రాకు, ఇవి వేరే. పాట స్వేచ్ఛగా ఉన్నా ఆ కూర్పుకి హక్కుదారుడు ఉంటాడు. కార్యక్రమం వీడియో పెట్టాక ఫిర్యాదు వచ్చేది సాధారణంగా ఆ ట్రాకు గురించే.

పాత ప్లేటు విని స్వరాలు రాసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. 1906లో మైకు లేదు, బాకా ముందు నిలబడి పాడేవారు. ప్లేటు తిరిగే వేగం కచ్చితంగా నిమిషానికి 78 చుట్లు ఉండేది కాదు. 74 దగ్గర రికార్డు చేసినదాన్ని 78 మీద తిప్పితే శ్రుతి దాదాపు అరస్వరం పైకి పోతుంది, నడకా పెరుగుతుంది. కాబట్టి ప్లేటు శ్రుతిని నమ్మకుండా బాణీ మాత్రమే తీసుకోండి. అచ్చు కాగితం దొరికితే ఇంకా మేలు.

ఇప్పుడు వాయింపు. పల్లవి 32 బార్లు (బారు అంటే తాళంలో ఒక చుట్టు), బారుకి రెండు దెబ్బలు, మొత్తం 64 దెబ్బలు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. మొదటిదీ మూడోదీ ఒకేలా ఎత్తుకుంటాయి, రెండోది వేరు, నాలుగోది ఆల్డ్ లాంగ్ సైన్ ముక్కతో ముగింపు. నిమిషానికి 120 అడుగుల కవాతు నడకలో 64 దెబ్బలకి సరిగ్గా 32 సెకన్లు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని పల్లవి ఒకసారి వాయించి చూడండి. 30 సెకన్లకే అయిపోతే నడక 128కి పోయిందన్నమాట, 27 సెకన్లయితే 140 దాటింది. పెళ్ళి ఊరేగింపుల్లో డాన్సు దెబ్బకి అలవాటైన చేతులు మూడో తిరుగుడికల్లా 140కి చేరతాయి. పిల్లలు అప్పుడు నడవడం మాని పరిగెత్తుతారు. వేగం పెంచేది ఎప్పుడూ సైడ్ డ్రమ్మే, క్లారినెట్ కాదు. బేస్ డ్రమ్ము వాయించేవాణ్ణి వరసలో మధ్యన నిలబెట్టి అందరూ అతన్నే వినాలని చెప్పండి.

నేల కొలత కూడా ముందే చూసుకోవాలి. 30 అంగుళాల అంగతో 64 అంగలకి 160 అడుగుల దూరం. చిన్నపిల్లలకి 24 అంగుళాలనుకుంటే 128. పల్లవి మూడుసార్లు వాయిస్తే పెద్దలకి 480 అడుగులు, అంత మైదానం చాలా స్కూళ్ళకి ఉండదు. రెండో తిరుగుడు మొత్తం ఉన్నచోటే కదమ్ తాల్ చేయించడం తేలిక మార్గం. అప్పుడే సన్నగా వాయిస్తే వినడానికీ బాగుంటుంది.

అందరూ జారేది ఎత్తుగడలోనే. ‘యూ ఆర్ ఎ’ అన్న మాటలు తాళం సమానికి, అంటే మొదటి దెబ్బకి, ముందే వస్తాయి. బరువు పడేది ‘గ్రాండ్’ మీద. మన సంగీతం లెక్కలో అతీత గ్రహం. పాట మొదలైందని చూసి బేస్ డ్రమ్ము ‘యూ ఆర్’ మీద దెబ్బ వేస్తే, ఎడమకాలు అక్కడ పడి, పాటంతా బరువు కుడికాలి మీదికి వెళ్ళిపోతుంది. మధ్యలో సర్దుదామంటే ఎవరో ఒకరు తడబడతారు. మందు ఇది: ముందు డ్రమ్ములు మాత్రమే నాలుగు బార్లు, అంటే ఎనిమిది దెబ్బలు. ఒకటో దెబ్బకి ఎడమకాలు. ఏడు దాకా లెక్కపెట్టి, ఎనిమిదో దెబ్బ మీద ‘యూ ఆర్ ఎ’ ఊదాలి. తొమ్మిదోది, అంటే కొత్త ఒకటి, ‘గ్రాండ్’, ఎడమకాలు. వాద్యాలు పట్టుకోకుండా నోటితో, కాళ్ళతో పదిసార్లు చేశాకే క్లారినెట్లు తీయండి.

శ్రుతి ఆరున్నర, అంటే బి ఫ్లాట్, పెట్టుకుంటే బ్యాండుకి సుఖం. క్లారినెట్, ట్రంపెట్ వాళ్ళు తమ కాగితం మీద సి నుంచి వాయిస్తారు, ఆల్టో సాక్సోఫోన్ జి నుంచి, హార్మోనియం ఉంటే ఆరున్నర మెట్టు నుంచే. పిల్లల గొంతుకి అది కుదరకపోతే నాలుగు శ్రుతి, అంటే ఎఫ్. అప్పుడు క్లారినెట్‌కి జి, ఆల్టోకి డి. ముగ్గురికీ ఒకే కాగితం జిరాక్సు తీసి ఇచ్చి, ‘ఎందుకు కలవడం లేదు’ అని గంటసేపు తలపట్టుకోవడం మాత్రం వద్దు. స్కూలు బ్యూగుల్‌కి ఈ పాట రాదు. దానికి మీటలు లేవు కాబట్టి స, గ, ప లాంటి కొన్ని స్వరాలే పలుకుతాయి. పల్లవి ముక్కల చివర పొడుగు స్వరం వచ్చినచోట స గానీ ప గానీ ఒక కేక వేయిస్తే చాలు.

పదిమంది ఉన్న బ్యాండుకి పంపకం ఇలా బాగుంటుంది. మూడు క్లారినెట్లలో రెండు బాణీకి, ఒకటి కింది గాంధారానికి. రెండు ట్రంపెట్లు మొదటి తిరుగుడులో ఊరుకుని మూడోదానిలో చేరాలి, మొదటి నుంచీ ఊదితే పెదవి అలిసి చివర స్వరం చీలుతుంది. యుఫోనియం (మంద్రంగా మోగే పెద్ద ఇత్తడి బాకా) ప్రతి బారులో మొదటి దెబ్బకి స, రెండో దెబ్బకి ప, కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మారినచోట ఆధార స్వరం మార్చుకుంటూ పోవాలి. ఆల్టో సాక్సోఫోన్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో పొట్టి స్వరం వేయాలి. ఇది లేకపోతే పాట గోచీ కట్టుకున్నట్టు బోసిగా ఉంటుంది. మిగతావి బేస్ డ్రమ్ము, సైడ్ డ్రమ్ము, తాళాలు. ఎవరూ గమకం వేయకూడదు. సన్నాయి మేళం నుంచి వచ్చిన చేతికి స్వరం నుంచి స్వరానికి జారడం సహజం, కవాతు పాటలో అది మత్తుగా వినిపిస్తుంది. ప్రతి స్వరానికీ నాలుకతో ‘తు’ అని విడిగా ఊదాలి.

ఆల్డ్ లాంగ్ సైన్ ముక్క రాగానే గుర్తుపట్టి నెమ్మదించడం ఇంకో జబ్బు. కోహాన్ అక్కడ నడక తగ్గించలేదు. స్కాట్లండు పాట సాగదీతను విరిచి కవాతులో ఇరికించాడు, చమత్కారం అదే.

ఎండలో ఊదుగాలి వాద్యాల శ్రుతి పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 3 సెంట్ల చొప్పున (వంద సెంట్లు ఒక అరస్వరం). చల్లటి గదిలో 22 డిగ్రీల దగ్గర కలిపి, 34 డిగ్రీల మైదానంలో వాయిస్తే అరస్వరంలో మూడో వంతు తేడా. హార్మోనియం మాత్రం అలా పెరగదు. వాయించేచోటే, పది నిమిషాలు ఊదాక కలుపుకోండి. క్లారినెట్ బ్యారెల్ (నోటి ముక్క కిందనే ఉండే పొట్టి గొట్టం) కొద్దిగా బయటికి లాగితే శ్రుతి దిగుతుంది.

ఇది శంకరాభరణం మెట్ల మీది బాణీ కాబట్టి కర్ణాటక సంగీతం నేర్చినవాళ్ళకి భయం అక్కర్లేదు. ముత్తుస్వామి దీక్షితులే ఇంగ్లీషు బ్యాండు బాణీలకి నోటుస్వర సాహిత్యాలు కట్టారు, ‘సంతతం పాహిమాం’ వరస బ్రిటిషు రాజగీతానిది. తిరగేసి మన దేశభక్తి గీతాన్ని కవాతుకి కడదామంటే ఒక చిక్కు. గురజాడ ‘దేశమును ప్రేమించుమన్నా’ ముత్యాల సరం, మూడూ నాలుగూ మాత్రల నడక. రెండు కాళ్ళ మనిషికి ఏడు మాత్రల అడుగు పడదు. మూడుని నాలుగుకి సాగదీయాల్సిందే, సాగదీస్తే ఆ పాట అందం సగం పోతుంది. నన్నడిగితే దాన్ని నిలబడే పాడాలి.

వేదిక అలంకారంలో రెండు దేశాల జెండాలు పెట్టేవాళ్ళు మన పతాక నియమావళి చూసుకోవాలి. వరసలో మన జెండా కుడి చివర, అంటే ప్రేక్షకులకి ఎడమ చివర ఉండాలి. ఒకే కర్రకి రెండు కట్టకూడదు. కర్రలు సమానంగా ఉండాలి, జెండాలూ సమానంగా కనిపిస్తే మంచిది. ఇక్కడ ఒక తిరకాసు: మన జెండా నిష్పత్తి 3:2, అమెరికాది 19:10. రెండూ రెండడుగుల ఎత్తు కుట్టిస్తే మనది 3 అడుగులు, వాళ్ళది 3.8 అడుగులు వస్తుంది. ఎత్తు సమానంగా ఉంచడం నయం. 1906 నాటి దృశ్యం అంటూ 50 నక్షత్రాల గుడ్డ కట్టకండి. అప్పుడు ఉన్నవి 45, ఎనిమిదీ ఏడూ మార్చి మార్చి ఆరు వరసలు. పిల్లల చేతి కాగితపు జెండాలు ఏ దేశానివైనా సరే, అయ్యాక నేల మీద వదలకుండా ఏరించడానికి ఒకరిని పెట్టండి.

పాడేవాళ్ళకి ఒక్కటే చెప్పాలి, దానికే ఎక్కువ సాధన కావాలి. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. పక్కింటి ఒడియాదీ అదే తీరు. అందుకే ఈ సరిహద్దు పిల్లలు ఏ ఇంటివాళ్ళయినా ‘ఫ్లాగు’ అంటారు, ‘లవ్వు’ అంటారు, ‘బ్రేవు’ అంటారు. మాటల్లో అది మన ముద్దు. కవాతు పాటలో మాత్రం లేని అక్షరం ఒకటి చేరి, తరువాతి ఎత్తుగడ మీద కూర్చుంటుంది. ‘ఫ్లాగు యూ ఆర్ ఎ హై’ అన్నప్పుడు ‘గు’ ఊపిరి తీసుకునే చోటు తినేస్తుంది. అచ్చు దగ్గర స్వరం నిలిపి, గ్ ని చివర ముట్టుకుని వదిలేయమని చెప్పండి. అందరూ ఒకేసారి ముట్టుకోవడానికి చెయ్యి ఆడించే మనిషి కావాలి. ఆఖరి ‘ఫ్లాగ్’ దగ్గర ఇది మరీ ముఖ్యం. పాట ఆగిన తరువాత ఒక దెబ్బ ఖాళీ ఉంచి, బ్యాండంతా కలిసి ఒక్క పొట్టి స స్వరం, దాని మీదే బేస్ డ్రమ్ము. ఆ ఖాళీలో ‘గు’ వినబడిందంటే మళ్ళీ మొదటినుంచి.